‘మా కాలేజీయే ఎందుకు?’ అని అప్లికేషన్‌లో అడిగితే: వాకబు నుంచి చివరి ప్రతి దాకా

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ‘ఈ కాలేజీ ఎందుకు’ అని ఎవరూ అడగరు. ర్యాంకు, కేటగిరీ, ఆప్షన్ల వరుస ఉంటే చాలు. అందుకే మన పిల్లలకి ఈ ప్రశ్న కొత్త. అశోకా లాంటి ప్రైవేటు యూనివర్సిటీకో, అమెరికాలో డిగ్రీకో, బీటెక్ అయ్యాక ఎంఎస్‌కో అప్లై చేయడానికి కూర్చున్నప్పుడే మొదటిసారి ఎదురౌతుంది.

శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకి ఇంగ్లిష్ చెబుతాను. దసరా సెలవులు అవగానే నాకు ఫోన్లు మొదలౌతాయి. "మేస్టారూ, మార్కులు, సర్టిఫికెట్లు అన్నీ ఎక్కించేశాను. ఈ ఒక్క డబ్బాలో ఏటి రాయాలో తెలీట్లేదు." ఒక్కొక్కరికీ విడిగా చెప్పేదే ఇక్కడ వరుసలో పెడుతున్నాను.

దీనికి పది రోజులు కేటాయించుకోండి. అందులో రాసేది మూడు రోజులే. మిగతాదంతా తయారీ.

దగ్గర పెట్టుకోవలసినవి:

- ఒక నోటుబుక్కు. ఎడమ పేజీ మీది, కుడి పేజీ కాలేజీది.
- డేటా ఉన్న ఫోను. కంప్యూటర్ ఉంటే మేలు, లేకపోయినా పని ఆగదు.
- మీరు చెప్పేది ఓపిగ్గా వినే మనిషి ఒకరు. ఇంగ్లిష్ రాకపోయినా పర్వాలేదు.
- ఆ కాలేజీలో చదువుతున్న సీనియర్ ఒకరు. ఎలా పట్టుకోవాలో రెండో మెట్టులో చెబుతాను.

1. అడిగిన ప్రశ్న ఏమిటో ముందు చూడండి

ప్రశ్నని అక్షరం పొల్లుపోకుండా నోటుబుక్కులో ఎక్కించండి. మాటల పరిమితి కూడా రాయండి. ఇక్కడ తప్పితే మిగతా మెట్లన్నీ వృథా.

అమెరికా డిగ్రీకి కామన్ యాప్ (ఒకే ఫారంతో చాలా కాలేజీలకి అప్లై చేసే వెబ్‌సైట్) ద్వారా వెళ్ళేవాళ్ళు తికమకపడేది ఇక్కడే. అందులోని ప్రధాన వ్యాసం, 650 మాటల గరిష్ఠ పరిమితి ఉన్నది, మీ గురించి. ఆ ఒక్క వ్యాసమే అన్ని కాలేజీలకీ వెళ్తుంది. ‘మా దగ్గరికే ఎందుకు’ అనేది ఒక్కో కాలేజీ విడిగా అడిగే అదనపు ప్రశ్నల్లో ఉంటుంది. అవి చిన్నవి. అమెరికాలోని యేల్ యూనివర్సిటీ ఇటీవలి ఏళ్ళలో 125 మాటల్లో చెప్పమని అడిగింది.

యూకేకి యూకాస్ (అక్కడి యూనివర్సిటీల ఉమ్మడి దరఖాస్తు సంస్థ) ద్వారా అప్లై చేసేవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒకే స్టేట్‌మెంట్ మీరు ఎంచుకున్న ఐదు చోట్లకీ వెళ్తుంది. అందులో ఒక యూనివర్సిటీని పేరుపెట్టి మెచ్చుకుంటే మిగతా నాలుగు చోట్లవాళ్ళూ అది చదువుతారు. 2026 ప్రవేశాల నుంచి ఆ స్టేట్‌మెంట్ మూడు ప్రశ్నలుగా మారింది. మూడింటికీ కలిపి ఖాళీలతో సహా 4,000 అక్షరాలు, ఒక్కోదానికి కనీసం 350. అక్కడ మొదట అడిగేది ‘ఈ కోర్సు ఎందుకు’ అని, ‘ఈ కాలేజీ ఎందుకు’ అని కాదు. ఈ వ్యాసంలో మూడో మెట్టు మీకు బాగా పనికొస్తుంది. కాలేజీ వాకబును మాత్రం ఇంటర్వ్యూ ఉంటే దానికోసం దాచుకోండి.

ఎంఎస్‌కి రాసే ఎస్ఓపీలో (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) ఈ ప్రశ్న చివరి ఒకటి రెండు పేరాల్లో ఉంటుంది. ఎనిమిది యూనివర్సిటీలకి పంపితే ఎనిమిదిసార్లూ కొత్తగా రాయాల్సింది ఆ పేరాలే.

2. వాకబు చేయండి

ఇంటికి సంబంధం వస్తే మనం ఫొటో చూసి ఒప్పేసుకోం. ఆ ఊళ్ళో మనవాళ్ళెవరున్నారని వెతుకుతాం. వాళ్ళ వీధిలో కిరాణా కొట్టాయనని కదుపుతాం. అబ్బాయి ఏం చేస్తాడో వాళ్ళు చెప్పింది ఒకటి, మనకి తెలిసింది ఇంకొకటి అయితే ఆలోచనలో పడతాం. కాలేజీ వెబ్‌సైట్ మొదటి పేజీ కూడా పెళ్ళిచూపుల ఫొటో లాంటిదే. అక్కడున్నది అందరూ చూస్తారు, అందరూ అదే రాస్తారు.

మూడు సాయంత్రాలు పెట్టుకోండి.

మొదటి సాయంత్రం సిలబస్. మీరు చేరాలనుకునే కోర్సు పూర్తి పాఠ్యప్రణాళిక దింపుకుని, పేపర్ల పేర్లతో ఆగకుండా లోపల ఏం చేయిస్తారో చదవండి. ల్యాబ్ ఎన్ని గంటలు, ఫీల్డ్ వర్క్ ఏ సెమిస్టర్‌లో, చివరి ఏడాది ప్రాజెక్టు ఉందా, వేరే విభాగం పేపర్లు తీసుకోనిస్తారా? కుడి పేజీలో అయిదు ముక్కలు రాయండి. ఉదాహరణకి అశోకాలో పిల్లలు ముందు ఫౌండేషన్ కోర్సులు చదివి, మేజర్‌ని తర్వాత ఎంచుకుంటారు. ఇది నిజమైన ముక్కే, కానీ అక్కడికి అప్లై చేసే ప్రతివాళ్ళకీ తెలిసిన ముక్క. దీని పక్కన ఇంకా లోతుగా వెళ్ళినదొకటి ఉండాలి.

రెండో సాయంత్రం మనుషులు. ఆ విభాగంలో పాఠం చెప్పేవాళ్ళ పేజీలు తెరవండి. ఇద్దరి పని మీకు అర్థమయ్యేలా ఉందనిపిస్తే వాళ్ళ వ్యాసమో, ఉపన్యాసం వీడియోనో ఒకటి పూర్తిగా చూడండి. పూర్తిగా అన్నాను. పేరు చూసి ‘మీ పరిశోధన నన్ను ఎంతో ప్రభావితం చేసింది’ అని రాస్తే, ఇంటర్వ్యూలో ఆ పరిశోధన గురించే ఒక్క ప్రశ్న వేస్తారు. అక్కడ నోరు పెగలదు. విద్యార్థులు నడిపే పత్రిక ఉంటే అదీ చదవండి. కాలేజీ తన గురించి చెప్పుకోనివి అందులో ఉంటాయి.

మూడో సాయంత్రం సీనియర్. మన జిల్లా మనుషులు లేని ఊరంటూ లేదు. చెన్నైలో మేస్త్రీ పనుల నుంచి గుజరాత్‌లో వేరావల్ పడవల దాకా వెళ్ళినవాళ్ళం. ఆ కాలేజీలోనూ ఒకరుండే అవకాశం తక్కువేం కాదు. లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేరూ, శ్రీకాకుళం లేదా విజయనగరం పేరూ కలిపి వెతకండి. దొరక్కపోతే తెలుగువాళ్ళు ఎవరైనా సరే. ‘అన్నా, కాలేజీ ఎలా ఉంది?’ అంటే ‘బావుంది తమ్ముడూ’ అంటారు, అంతటితో సరి. ఇలా అడగండి:

- నిన్ను బాగా కష్టపెట్టిన కోర్సు ఏది? అయినా ఎందుకు వదల్లేదు?
- క్లాసు అయిపోయాక ప్రొఫెసర్ దగ్గర కూర్చుని మాట్లాడిన ఒక సందర్భం చెప్పక్కా.
- చేరకముందు అనుకున్నదాంట్లో ఏది నిజం కాలేదు?
- తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి మొదటి ఏడాది సాయం ఎవరు చేస్తారు?

మూడో ప్రశ్నకి వచ్చే జవాబు మీ వ్యాసంలోకి రాకపోవచ్చు. మీరు అప్లై చేయాలా వద్దా అన్నది మాత్రం తేలుస్తుంది.

కుడి పేజీలో రాయకూడనివి: ర్యాంకు, ప్లేస్‌మెంట్ ప్యాకేజీ, పచ్చని క్యాంపస్, వైఫై, హాస్టల్ భోజనం, ‘పేరున్న అధ్యాపకులు’. ఇవి ఎంచుకోవడానికి మంచి కారణాలే. ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడేటప్పుడు వాడండి. ఈ జవాబులో మాత్రం పనికిరావు.

3. ఎడమ పేజీ: మీ సంగతి, తెలుగులో

ఈ పేజీ ఇంగ్లిష్‌లో మొదలుపెట్టిన పిల్లలు నాలుగు వాక్యాలకే ఆగిపోతారు. మనకి వచ్చిన ఇంగ్లిష్ పరీక్షల ఇంగ్లిష్. దాన్లో మన తోట, మన తాతయ్య, మన వీధి కుళాయి పట్టవు. కాబట్టి తెలుగులో, ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయండి. రాయడం రాకపోతే ఫోన్లో రికార్డర్ పెట్టి అమ్మకి చెబుతున్నట్టు చెప్పండి. ‘నాను ఇది సదవాలని ఎందుకనుకున్నానంటే’ అని మొదలుపెట్టినా ఫర్వాలేదు. ఎవరూ వినరు. తర్వాత మీరే విని ముఖ్యమైనవి పేజీ మీదికి ఎక్కించండి.

వెతకాల్సింది మీ గొప్పతనాన్ని కాదు, మిమ్మల్ని వదలని ప్రశ్నని. ఈ కింది వాటికి జవాబులు రాయండి:

- చుట్టుపక్కల రోజూ చూసే ఏ విషయం మీకు అర్థం కాలేదు?
- దాన్ని తెలుసుకోవడానికి ఎవరూ చెప్పకుండానే ఏం చేశారు? ఎవర్ని అడిగారు, ఏం చదివారు, ఏం లెక్కపెట్టారు?
- ఎక్కడ ఆగిపోయారు? ఏం రాక ఆగిపోయారు?

మూడో దానికి ఎక్కువ సమయం ఇవ్వండి. కాలేజీ కావలసింది అక్కడే కదా.

ప్రశ్నలు మన చుట్టూ కొల్లలు. ఉద్దానంలో ఇన్నేళ్ళుగా కిడ్నీ జబ్బు ఉంది, కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. కవిటి, సోంపేట వైపు పిల్లలకి జీవశాస్త్రం ఎందుకు చదవాలో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. పొందూరులో ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేస్తారు. ఆ దవడకున్న సన్నటి పళ్ళు చేసే పని యంత్రం చేయగలదా అన్నది ఇంజనీరింగ్ ప్రశ్న, డిజైన్ ప్రశ్న కూడా. బొబ్బిలి వీణని ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. దాని నాదం ఎందుకు వేరుగా ఉంటుందన్నది భౌతికశాస్త్రం. పలాసలో జీడిపిక్క ఒలిచే ఆడవాళ్ళ చేతులు పిక్క రసానికి ఎందుకు పుళ్ళు పడతాయన్నది రసాయనశాస్త్రం, కూలి చట్టాల సంగతి కూడా.

మీది ఇంత పెద్ద విషయం కానక్కర్లేదు. నాన్న కిరాణా కొట్లో అరువు పుస్తకం చూసి గణాంకాల మీద ఇష్టం కలిగిన పిల్లాడి ఎడమ పేజీ నేను చదివినవాటిలో చాలా మంచిది.

4. రెండు పేజీలనీ కలపండి

ఇప్పుడు ఎడమ పేజీలో ఒక ముక్క, కుడి పేజీలో ఒక ముక్క తీసుకుని మధ్యలో ‘అందుకని’ పెట్టి చదవండి.

‘ఇరవై ఇళ్ళు తిరిగి అడిగాను గానీ ఆ జవాబుల్ని ఎలా విశ్లేషించాలో రాలేదు, అందుకని మీ రెండో ఏడాది సర్వే పద్ధతుల కోర్సు కావాలి.’ అతికింది.

‘ఎన్ఎస్ఎస్ శిబిరంలో మొక్కలు నాటాను, అందుకని మీ పెద్ద లైబ్రరీ కావాలి.’ అతకలేదు. కొట్టేయండి.

రెండు మూడు జతలు చాలు. మూడు సాయంత్రాలు వెతికినా ఒక్క జత కూడా కుదరకపోతే, ఆ కాలేజీని జాబితాలోంచి తీసేయండి. అప్లికేషన్ ఫీజు మిగులుతుంది. ఈ మాట చెబితే పిల్లలు బాధపడతారు, పేరున్న కాలేజీ కదా అంటారు. కానీ జత కుదరని చోటికి ఎంత బాగా రాసినా పైపైనే ఉంటుంది. పైగా అక్కడ గడపాల్సింది మూడు నాలుగేళ్ళు.

5. రాసే వరుస

250 మాటల జవాబుకి నేను చెప్పే కొలత:

- మీ ప్రశ్న, దాన్ని వెంటాడిన తీరు, ఆగిపోయిన చోటు: 90 మాటలు
- మొదటి జత: 60
- రెండో జత: 60
- మీరు అక్కడికి తీసుకెళ్ళేది: 40

125 మాటలే అయితే ప్రశ్నకి రెండు వాక్యాలు, ఒక జత, అంతే. రెండు జతలు ఇరికిస్తే రెండూ ఊపిరాడక పోతాయి.

మొదటి ప్రతిని పరిమితి పట్టించుకోకుండా రాసేయండి. రెండో రోజు కత్తిరించండి.

6. ఒక నమూనా, తప్పు ప్రతి నుంచి సరైన ప్రతికి

సాధారణంగా నా దగ్గరికి వచ్చే ప్రతి ఇలా ఉంటుంది:

"చిన్నప్పటి నుంచీ మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయంలో చదవాలన్నది నా కల. ప్రపంచస్థాయి సౌకర్యాలు, అనుభవజ్ఞులైన అధ్యాపకులు నన్ను ఆకర్షించారు. మాది వెనుకబడిన జిల్లా. మీ దగ్గర చదువుకుని నా ఊరికి, దేశానికి సేవ చేస్తాను."

ఆ కాలేజీ పేరు విన్నది పోయిన ఏడాదే అయినప్పుడు ‘చిన్నప్పటి నుంచీ’ అబద్ధం. రెండో వాక్యం ఏ కాలేజీకైనా సరిపోతుంది. ‘వెనుకబడిన జిల్లా’ అన్న రెండు మాటల వెనక మీరు కళ్ళారా చూసిందంతా దాగిపోయింది. చివరి వాక్యంలో మనసు మంచిదే, కానీ ఏ పని, ఎలా అన్నది లేదు.

పలాస పక్క పల్లె నుంచి వచ్చిన అమ్మాయి రాస్తున్నట్టు ఊహించి ఇంకో ప్రతి రాస్తాను. పేర్లున్న చోట గీతలు పెట్టాను. అక్కడ మీ వాకబులో దొరికినవే రావాలి.

"2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయిన మర్నాడు మా నాన్న పడిపోయిన కొబ్బరి చెట్లు లెక్కపెట్టారు. అరవై రెండు. నాకప్పుడు పదేళ్ళు. ఆయన మళ్ళీ కొబ్బరే నాటారు. పక్క తోట బాబాయి జీడి వేశారు. ఎదురింటివాళ్ళు తోట అమ్మి చెన్నై వెళ్ళిపోయారు. ఒకే గాలికి మూడు ఇళ్ళూ మూడు దారులు ఎందుకు పట్టాయి? ఇంటర్ మొదటి ఏడాది సెలవుల్లో మా వీధిలో ఇరవై ఇళ్ళకి వెళ్ళి అడిగాను. అప్పు ఎక్కడ తెచ్చారన్నదాన్ని బట్టి పంట మారిందనిపించింది. కానీ ఇరవై ఇళ్ళు చూసి అలా అనొచ్చో లేదో నాకు తెలీదు. మీ ——— కోర్సులో విద్యార్థులే సర్వే తయారుచేసి పల్లెకి వెళ్తారని సిలబస్‌లో చూశాను. నాకు రానిది అదే. ——— గారి వ్యాసం చదివాను. అందులో పంట బీమా ఉంది, వడ్డీ వ్యాపారి అప్పు లేదు. ఎందుకు లేదో అడగాలనుంది. నేను ఉద్దానం తెలుగులో అడిగి, ఇంగ్లిష్‌లో రాసుకోగలను. మీ సర్వే ఎప్పుడైనా తూర్పు తీరానికి వస్తే ఆ పని నాకివ్వండి."

ఇందులో పొగడ్త ఒక్క మాట లేదు. అయినా ఈ అమ్మాయికి ఆ కాలేజీ ఎందుకు కావాలో తెలుస్తుంది. ‘నాకు తెలీదు’ అని ఒప్పుకోవడమే జవాబుకి వెన్నెముక. మన పిల్లలు ఆ మాట రాయడానికి భయపడతారు. తెలియనిదాన్ని తెలియదని ఇంత స్పష్టంగా చెప్పగలిగిన పిల్లని ఏ మేస్టారైనా క్లాసులో కోరుకుంటారు.

అరవై రెండు, ఇరవై అన్న అంకెలు నేను నమూనా కోసం పెట్టినవి. మీ వ్యాసంలో అంకె ఉంటే అది మీరు లెక్కపెట్టినదై ఉండాలి.

7. తరచూ చేసే తప్పులు, దిద్దుబాట్లు

కష్టాన్ని అర్జీలా రాయడం. నాన్న కూలి, అమ్మకి జబ్బు, దయచేసి సీటివ్వండి అన్న ధోరణి. మీ ఇంటి కష్టం నిజం. దాన్ని దాచమని నేననను. కానీ డబ్బు సంగతికి ఆర్థిక సాయం దరఖాస్తు వేరేగా ఉంటుంది. అక్కడ ఒక్క రూపాయి దాచకుండా రాయండి. ఇక్కడ మాత్రం ఆ కష్టంలో మీరు ఏం గమనించారో, ఏం చేశారో రాయండి.

‘స్కాలర్‌షిప్ ఇస్తారు కాబట్టి’ అని కారణం చెప్పడం. ఇదీ పై తప్పుకు తోబుట్టువే. కొట్టేయండి.

వేరే కాలేజీ పేరు మిగిలిపోవడం. మంచి మార్కులున్న ఒకబ్బాయి అయిదు చోట్లకి ఒకే రాత్రి పంపాడు. మూడో దాంట్లో రెండో కాలేజీ పేరు ఉండిపోయింది. పంపాక దిద్దుకునే దారి లేదు. ఒక్కో కాలేజీకి విడి ఫైలు, ఫైలు పేరులోనే కాలేజీ పేరు పెట్టుకోండి.

కాలేజీ గురించి కాలేజీకే చెప్పడం. ‘మీ విశ్వవిద్యాలయం ఫలానా సంవత్సరంలో స్థాపించబడింది’ అని మొదలుపెడతారు. వాళ్ళకి తెలుసు. పేరా మొత్తం తీసేయండి.

కన్సల్టెన్సీ ప్రతి. విశాఖ వెళ్ళి డబ్బు కట్టి ఎస్ఓపీ రాయించుకునేవాళ్ళు చాలామంది. ఫారాలు, వీసా పత్రాల వరకు వాళ్ళ సాయం తీసుకోండి. ఈ జవాబు మాత్రం అప్పగించొద్దు. యూకాస్ తన దగ్గరికి వచ్చిన ప్రతి స్టేట్‌మెంట్‌నీ పాతవాటితో పోల్చి చూస్తుంది. ఏఐతో రాయించి సొంతమని పంపడాన్ని కామన్ యాప్ 2023 నుంచి మోసం కింద లెక్కిస్తోంది. అక్షరదోషాలు చూసుకోవడం వేరు, ఆలోచన అద్దెకి తెచ్చుకోవడం వేరు.

8. ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు

తెలుగు ప్రతి కుదిరాకే ఈ పని. చిన్న వాక్యాలు రాయండి. ‘ఎస్టీమ్డ్’, ‘ప్రెస్టీజియస్’, ‘ప్యాషనేట్’ అన్న మూడు మాటలూ వెతికి తీసేయండి. ఉద్దానం, అరువు పుస్తకం లాంటి మాటల్ని అలాగే ఉంచి, పక్కన నాలుగు మాటల్లో అదేమిటో చెప్పండి. వ్యాకరణం చూడమని మీ ఇంగ్లిష్ మేస్టారికివ్వండి, కానీ ‘వాక్యాలు మార్చొద్దు, తప్పులకి గీత గీయండి చాలు’ అని ముందే చెప్పండి. మేం చేయి ఆపుకోలేం. మా భాష మీ జవాబులోకి వచ్చేస్తుంది.

9. ఇదే ప్రశ్న నోటితో అడిగితే

ఇంటర్వ్యూలో మీ వ్యాసం ముందు పెట్టుకుని అడగొచ్చు. నోటుబుక్కు రెండు పేజీలూ మళ్ళీ చదువుకుని వెళ్ళండి, వ్యాసం బట్టీ పట్టొద్దు. అమెరికా వీసాకి హైదరాబాద్ కాన్సులేట్‌కి వెళ్ళేవాళ్ళకీ ఈ ప్రశ్న తరచూ ఎదురౌతుంది. అక్కడ సమయం నిమిషాల్లోనే ఉంటుంది కాబట్టి మీ బలమైన జతని రెండు వాక్యాల్లో చెప్పడం అద్దం ముందు కాకుండా మనిషి ముందు సాధన చేయండి.

10. పంపే ముందు

- కాలేజీ పేరు తీసి ఇంకో కాలేజీ పేరు పెట్టి చదివాను. కనీసం మూడు వాక్యాలు అబద్ధమయ్యాయి.
- నా పేరు తీసి పక్క బెంచీ స్నేహితుడి పేరు పెట్టాను. వాడికి సరిపోలేదు.
- చదివానని రాసిన ప్రతిదీ చదివాను.
- కోర్సు పేరు, ప్రొఫెసర్ పేరు స్పెల్లింగ్ వెబ్‌సైట్‌తో సరిచూశాను. ఆ కోర్సు ఈ ఏడాదీ ఉందో లేదో చూశాను.
- అడిగిన ప్రశ్నని మళ్ళీ చదివాను. దానికే జవాబు చెప్పాను.
- మాటల పరిమితి దాటలేదు.
- తెలుగు ప్రతిని ఇంట్లో ఒకరికి చదివి వినిపించాను. ‘అవును, ఇది నువ్వే’ అన్నారు.

గడువుకి మూడు రోజుల ముందే పంపేయండి. అక్టోబరు, నవంబరు మనకి తుపాను నెలలు. కరెంటు పోతే టవర్లూ పోతాయి. పంపాక వచ్చే ధ్రువీకరణ మెయిల్‌ని ఫొటో తీసి ఉంచండి, చివరి ప్రతిని ప్రింటు తీసి నోటుబుక్కులో పెట్టండి. ఇంటర్వ్యూ పిలుపు వచ్చినరోజు మొదట కావలసింది అదే.